వెనుక వైపు

పెట్టెలు శంషాబాద్ నుంచి రాత్రే వచ్చాయి.
వెంటనే తెరవకూడదట.
చలిదేశపు చెక్క మాదాపూర్ గాలికి
ఒక పగలూ ఒక రాత్రీ అలవాటుపడాలి.
భాష రాని చుట్టాల పక్కన కూర్చున్నట్టు
వాటి మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మెద్యానికోవ్ కుటుంబం.
నాలుగు తరాలు, అరవై ఒక్క పటం.
నా పని బొమ్మల్ని చూడటం కాదు,
పగుళ్లు రాయడం.
కుడి మూల, గోరంత.
ఆకాశం దగ్గర, వెంట్రుకంత.
ఫారంలో ముందు వైపుకు ఒక పేజీ,
వెనుక వైపుకు రెండు గీతలు.

ముత్తాత యెఫీమ్ గుడ్డుసొనలో రంగు కలిపి
దేవుళ్లను రాశాడు.
కొడుకు అర్సేనీ కోతలు రాశాడు:
ఎర్ర తలగుడ్డలు, బొద్దు చేతులు,
ఏ కూలికీ చెమట పట్టని ఎండ.
మనవరాలు లీదియా ఒకే కిటికీని ఇరవై రెండేళ్లు రాసింది.
ఆమె కొడుకు గ్లెబ్‌కి వచ్చేసరికి
అంతా తెలుపు,
నడుమ ఒక మేకు నీడ.
మేకు లేదు.

పదిహేడో నంబరు, కోతల బొమ్మ. చెక్క మీద వేసింది.
నేనో పక్క, రవూఫ్ భాయ్ ఓ పక్క పట్టి తిప్పాం.
వెనకాల ఒక ముఖం.
పొడుగు ముక్కు, బాదం కళ్లు,
తల చుట్టూ బంగారం సగం గీకేసి ఉంది.
తండ్రి రాసిన దేవుడి వీపు మీద
కొడుకు గోధుమ చేను.

"చెక్క దొర్కలేదేమో పాపం," అన్నాడు రవూఫ్ భాయ్.
"దాసిపెట్టిండేమో," అన్నాను.
చేనును గోడకు వేలాడదీస్తే
దేవుడు గోడకే కనిపిస్తాడు.
గీకింది ఎవరో మాత్రం
ఇద్దరం అడగలేదు.

మా తాత బాలనర్సు ముషీరాబాద్‌లో
థియేటర్ వెనక షెడ్డులో సినిమా బొమ్మలు రాసేవాడు.
ప్లైవుడ్డు పలకల మీద గళ్లు కొట్టి
ఒక గడిలో కన్ను, ఇంకో గడిలో కనుబొమ్మ.
గురువారం రాత్రికి హీరో తయారు.
సినిమా ఎత్తేయగానే అతని మీద సున్నం,
సున్నం మీద ఇంకో హీరో.

నాయిన సదయ్య తాత మొహాల మీదే పని నేర్చాడు.
తన గీతలు కొడుకు సున్నం కింద మునుగుతుంటే
తాత బీడీ ముట్టించి చూసేవాడట.
ఒక్కసారి మాత్రం,
"ఆ చెవు మంచిగొచ్చింది గదరా, జర ఆగు," అన్నాడట.
నాయిన ఆగలేదు.
శుక్రవారం ఆగదు.

ఫ్లెక్సు వచ్చింది.
పలకలు భోలక్‌పూర్‌లో మా స్నానాలగదికి కప్పయ్యాయి.
నూనె రంగు నీళ్లను ఆపుతదని
బొమ్మ వైపు ఆకాశానికి పెట్టాడు నాయిన.
పన్నెండేళ్లు నేను తలెత్తినప్పుడల్లా చూసింది
మేకులు, చెదలు, చాక్‌పీస్‌తో వేసిన ఒక లెక్క:
తెలుపు 4, ఎరుపు 1, చాయ్ 6.

పోయిన శ్రావణంలో కప్పు కారితే నిచ్చెనేసి ఎక్కాను.
పైన ఎవరిదో మీసం పొరలుగా లేచింది.
దాని కింద సున్నం.
సున్నం కింద నీలం చీర కొంగు.
ఇంకా కింద, అరచేయంత మేర,
ఒక చెవి.
తాతదో నాయినదో చెప్పలేను.
అడుగుదామంటే ఇద్దరూ లేరు.
వాన మళ్లీ మొదలైంది.
తార్పాలిన్ కప్పి, నాలుగు ఇటుకలు పెట్టి
దిగొచ్చాను.

ఇప్పుడు ఫారం ముందుంది.
రెండు గీతలు.
మాస్కో ఆఫీసు వాళ్లు తమ కాగితంలో
అక్కడ 'ఏమీ లేదు' అని రాశారు.
రవూఫ్ భాయ్ టార్చి దగ్గరగా పట్టాడు.
నేను రాశాను:
"పాత బొమ్మ ఉంది. బంగారం గీకారు.
ఎడమ చెవి
చెక్కుచెదరలేదు."